కప్పులో ఒక రంగు, ఎరలో ఇంకో రంగు

ప్రశ్న: నమస్కారమండీ. గాలానికి పెట్టే మెత్తని ప్లాస్టిక్ ఎరలు ఇంట్లోనే పోసుకోవడం మొదలుపెట్టి రెండు నెలలైంది. పుచ్చకాయ తొక్క రంగులో వానపాము ఆకారపు ఎరల కోసం పచ్చి ప్లాస్టిసాల్‌లో ఆకుపచ్చ చుక్కలు వేస్తే బాగా పాలిపోయినట్టు కనిపించింది. చాల్లేదనుకుని ఇంకా వేశాను. వేడి చేసి అచ్చులో పోసి తీస్తే దాదాపు నల్లగా ఉన్నాయి. మూడుసార్లు చేసినా ఇంతే. లోపం రంగులో ఉందా, నా పనిలో ఉందా?

జవాబు: రంగులో లోపమేమీ లేదు. మీరు చూసి నిర్ణయించుకున్న సమయమే సరైనది కాదు. ప్లాస్టిసాల్ అంటే, మెత్తని పీవీసీ పొడి ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి ద్రవంలో తేలుతూ ఉండడం. ఆ పొడి రేణువులు వెలుతురుని చెదరగొడతాయి కాబట్టి పచ్చిగా ఉన్నప్పుడు అది పాలలా తెల్లగా కనిపిస్తుంది. అందులో ఆకుపచ్చ వేస్తే, తెల్ల పెయింట్‌లో ఆకుపచ్చ కలిపినట్టే ఉంటుంది. వేడి తగిలాక రేణువులు ప్లాస్టిసైజర్‌ని పీల్చుకుని ఉబ్బుతాయి, మొత్తం ముద్ద కడుతుంది. ఇంకా వేడి చేస్తే ఆ ముద్ద కరిగి, 170 నుంచి 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర పల్చబడి, అద్దంలా తేటపడుతుంది. అప్పటికి తెలుపంతా పోయి, మీరు వేసిన రంగు ఒక్కటే మిగులుతుంది. పాలలో లేతగా కనిపించిన ఆ చుక్కలన్నీ తేటలో చిక్కటి ముదురు రంగైపోతాయి.

అందుకే పచ్చి దశలో కంటితో చూసి రంగు వేయకండి, చుక్కలు లెక్కపెట్టండి. నేను 120 మిల్లీలీటర్ల ప్లాస్టిసాల్‌కి, వెలుతురు దూసుకుపోయే పారదర్శకమైన రంగు కావాలంటే 6 చుక్కలతో మొదలుపెడతాను. నిండు రంగు కావాలంటే 20 దాటుతుంది. ఒక్కో తయారీదారు రంగు ఒక్కో చిక్కదనంలో ఉంటుంది కాబట్టి నా లెక్క మీకు అచ్చంగా కుదరకపోవచ్చు. మీ సీసాలకి మీ లెక్క మీరే కట్టుకోవాలి. నా దగ్గర ఒక రూళ్ల పుస్తకం ఉంది. పోసిన ప్రతిసారీ ప్లాస్టిసాల్ ఎంత, ఏ రంగు ఎన్ని చుక్కలు, ఎంత వేడి దగ్గర పోశాను అనేవి రాసి, పక్కనే ఆ ప్లాస్టిక్ ముక్కని ఒక చిన్న కవర్లో పెట్టి పిన్ను కొడతాను. నా దగ్గరున్న సామాన్లన్నిటిలో ఆ పుస్తకం పోతేనే నాకు బాధ.

వేడి ప్లాస్టిక్ తేటపడ్డాక కూడా కప్పులో చూసి తీర్మానించకండి. కప్పులో నాలుగు వేళ్ల లోతు ఉంటుంది, ఎర తోకేమో గోరంత మందం. ఒకటే రంగు కప్పులో ముదురుగా, తోకలో లేతగా కనపడుతుంది. చాలామంది కలిపే పుల్లతో ఒక చుక్క తెల్ల టైల్ మీద పడేసి చూస్తారు. అదీ మంచిదే, కానీ ఆ చుక్క మరీ పల్చగా పరుచుకుంటుంది. నేను మూడు మెట్లున్న చిన్న అచ్చు చేసుకున్నాను. మొదటి మెట్టు 2 మిల్లీమీటర్ల మందం, తర్వాతది 5, చివరిది 10. అందులో కొంచెం పోసి, పూర్తిగా చల్లారాక తీసి, కిటికీ దగ్గర వెలుతురుకి అడ్డంగా పట్టుకుంటాను. పుచ్చకాయ తొక్క రంగు సరిగ్గా కుదిరితే సన్న మెట్టులోంచి నా వేలి గీతలు ఆకుపచ్చగా కనపడతాయి, మధ్య మెట్టులో వేలి నీడ మాత్రం తెలుస్తుంది, లావు మెట్టులో ఏమీ కనపడదు. ఈ మూడూ చూశాకే మిగతాది పోస్తాను. ఆలోగా కప్పు చల్లారిపోతే కంగారేమీ లేదు, నిదానంగా మళ్లీ వేడి చేసుకోవచ్చు.

నలుపు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ముదురు చేద్దామని ఆకుపచ్చలో ఒక చుక్క నలుపు వేస్తే రంగు మొత్తం చచ్చిపోతుంది. పళ్లపుల్ల కొసని నలుపులో ముంచి, ఆ కొసని ప్లాస్టిక్‌లో ఒక్కసారి తిప్పండి. అంతే చాలు. నిజానికి ఆకుపచ్చని కిందికి దించడానికి నాకు నలుపు కంటే గోధుమ రంగే ఇష్టం, రంగులో జీవం పోదు.

ఇంకొన్ని సంగతులు. రంగు సీసాలో పిగ్మెంట్, అంటే రంగు పొడి, అడుగుకి దిగిపోతుంది, తెలుపు మరీ తొందరగా దిగుతుంది. కదపకుండా వేస్తే సీసా మొదట్లో పల్చటి చుక్కలు, చివర్లో చిక్కటి చుక్కలు పడతాయి, మీ లెక్కంతా తప్పుతుంది. ప్లాస్టిసాల్ డబ్బాదీ ఇదే కథ. అడుగున పొడి గట్టిపడి ఉంటే పుల్లతో గీకి మరీ కలపండి. కలిపేటప్పుడు గాలి బుడగలు చేరకుండా నిదానంగా తిప్పాలి. కళ్లు జిగేలుమనిపించే ఫ్లోరోసెంట్ రంగులు వేడికి ఓర్చుకోలేవు, వాటిని ప్లాస్టిక్ తేటపడ్డాక చివర్లో వేసి వెంటనే పోసేయండి. బరువు కోసం ఉప్పు కలిపేవాళ్లు, ఉప్పు ప్లాస్టిక్‌ని మసకబారుస్తుందని గుర్తుపెట్టుకుని, దాన్ని కలిపాకే నమూనా చూసుకోవాలి.

ప్రశ్న: వంటల్లో వాడే రంగు కానీ, బొమ్మలకి వేసే ఆక్రిలిక్ కానీ కలపొచ్చా? వంటింటి మైక్రోవేవ్‌లోనే చేస్తున్నాను, ఇబ్బంది ఉందా?

జవాబు: రెండూ వద్దు. దయచేసి ఈ జవాబు చివరిదాకా చదవండి. ఆ రెండిట్లోనూ ఉండేది నీళ్లు. నీళ్లు 100 డిగ్రీలకే ఆవిరవుతాయి, మన ప్లాస్టిక్ 170 దాటి ఉంటుంది. చుక్క పడీ పడగానే ఆవిరై పేలి, కాగిన ప్లాస్టిక్‌ని పైకి చిమ్ముతుంది. కాగిన నూనె పడితే తుడుచుకోవచ్చు, ఇది చర్మానికి అంటుకుపోయి కాలుస్తూనే ఉంటుంది. కొత్తలో నేను కూడా ఎర్రటి వంటరంగు రెండు చుక్కలు వేశాను. నా ఎడమ మణికట్టు మీద కందిగింజంత మచ్చ ఇప్పటికీ ఉంది. అది కంటికి తగిలి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఈ రోజుకీ టెన్షనే. ఆ రంగు ప్లాస్టిక్‌లో కలవను కూడా లేదు, ఎర్రటి గీతలుగా విడిపోయి ఉండిపోయింది. తడి ఆరని ప్లాస్టర్ అచ్చు, కడిగి సరిగ్గా తుడవని గరిటె కూడా ఇదే పని చేస్తాయి. కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా, వేడికి ఆగే గ్లౌజులు లేకుండా కప్పు ముట్టుకోకండి.

మొట్టమొదటి మెత్తని ప్లాస్టిక్ వానపాముని 1949లో అమెరికాలోని ఆక్రన్‌లో నిక్ క్రీమ్ దంపతులు తమ ఇంట్లోనే తయారుచేశారు. ఆ కథ నాకెంతో ఇష్టం. అయినా మీరు మాత్రం వంట చేసుకునే మైక్రోవేవ్ వాడొద్దు. దీనికంటూ ఒకటి విడిగా పెట్టుకుని, కిటికీ తెరిచిన చోటో ఆరుబయటో చేయండి. ప్లాస్టిక్ 200 డిగ్రీల దాకా పోతే ముందు పసుపెక్కుతుంది, తర్వాత మాడి పొగ వస్తుంది. ఆ పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది, ముక్కు, గొంతు మండిపోతాయి. పొగ కనపడితే స్విచ్ ఆపి అందరూ బయటికి వచ్చేయండి, కప్పు ఎలా ఉందో చూడ్డానికి మొహం పెట్టకండి. దూరం నుంచి చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పైపొర వేడినే చెబుతుంది. అందుకని ఒకసారి కలిపి, అప్పుడు కొలవండి. కలపకుండా చూస్తే పైన 150 అని చూపిస్తున్నా, లోపల ఒక పక్క మాడుతూ ఉండొచ్చు.

ప్రశ్న: ఎర్రవీ తెల్లవీ ఒకే ప్లాస్టిక్ పెట్టెలో పెట్టాను. నెల తర్వాత తీస్తే తెల్లవి గులాబీ రంగుకి తిరిగాయి, పెట్టె అడుగు జిగురులా అయింది. కడిగితే పోతుందా?

జవాబు: పోదండీ, రంగు లోపలికి ఇంకిపోయింది. పిగ్మెంట్ అంటే కరగని సన్నటి రేణువు, ఉన్నచోటే ఉంటుంది. డై అలా కాదు, ప్లాస్టిసైజర్‌లో కరిగి, దానితో పాటే పక్క ఎరలోకి నడిచిపోతుంది. కొవ్వొత్తులకి వేసే రంగులూ ఇలాగే పాకుతాయి, అవి వాడొద్దు. ఎరుపు, ఫ్లోరోసెంట్ రంగుల్ని ఒక్కోదాన్ని ఒక్కో సంచిలో ఉంచండి. పెట్టె సంగతికొస్తే, పాలిస్టైరీన్ లాంటి గట్టి ప్లాస్టిక్‌ని ప్లాస్టిసైజర్ మెత్తబరుస్తుంది. పాలిథిలీన్ సంచులైతే తట్టుకుంటాయి.

ఆ గులాబీ ఎరల్ని పారేయకండి, నీళ్లలోకి అసలే వేయకండి, అవి కుళ్లవు. చిన్న ముక్కలుగా కోసి మళ్లీ కరిగించండి. కరిగించిన ప్రతిసారీ కొంచెం పసుపెక్కుతుంది కాబట్టి తెల్లవి చేయాలని చూడకుండా గోధుమ రంగులోకో నలుపులోకో దించేయండి. నా దగ్గర మిగిలిన తుక్కంతా అలాగే నల్ల వానపాములైపోతుంది.

ప్రశ్న: వాన వెలిశాక నీళ్లు బురదగా ఉన్నప్పుడు ఏ రంగు పోయాలి?

జవాబు: నలుపు, లేదా నిమ్మపండులాంటి పచ్చటి పసుపు. తేట నీళ్లలో ముందుగా ఇంకిపోయేది ఎరుపు వెలుతురే, కొన్ని మీటర్లు దిగేసరికి ఎర్ర ఎర నల్లబడినట్టుంటుంది. బురద నీళ్లలో పసుపు, ఆకుపచ్చ కొంచెం దూరం కనపడతాయి. నలుపు ఎలాంటి నీళ్లలోనైనా నీడలా ఆకారం చూపిస్తుంది. పారదర్శకమైన రంగులు ఆ నీళ్లలో వృథా. మీరు గాలం వేసే చోటి నుంచి ఒక గాజు సీసాడు నీళ్లు తెచ్చుకుని, చల్లారిన నమూనా ముక్కల్ని అందులో ఒక్కొక్కటే వేసి చూడండి. సీసా వెనక తెల్లకాగితం పెట్టకండి, చేప వెనక కాగితం ఉండదు.