ఇంట్లో వద్దు అనగలిగాను, లైన్‌లో అనలేకపోయాను

మీరు అడిగింది "గ్లోబలైజేషన్ వల్ల పేద దేశాలకి ఉద్యోగాలొచ్చాయి కదా, ముందు అభివృద్ధి జరగనిస్తే స్వేచ్ఛ, సామాజిక న్యాయం వాటంతటవే రావా" అని. నేను ఆరేళ్ళు ఎక్స్‌పోర్ట్ గార్మెంట్ యూనిట్‌లో టైలర్‌గా చేశాను, అక్కడ చూసిందే చెప్తాను.

ఆ ఉద్యోగం నాకు చాలా ఇచ్చిందండీ, అది ముందు చెప్పాలి. నా పేరు మీద బ్యాంక్ అకౌంట్, చెల్లి చదువు, పెళ్ళి ఇప్పుడే వద్దు అని ఇంట్లో గట్టిగా చెప్పే ధైర్యం, అన్నీ ఆ జీతంతోనే వచ్చాయి. 1990లో ప్రపంచ జనాభాలో మూడో వంతుకి పైగా కటిక పేదరికంలో ఉంటే 2019 నాటికి అది దాదాపు పదిమందిలో ఒకరికి దిగింది, అందులో ఎగుమతులతో ఎదిగిన చైనా లాంటి దేశాల వాటా చాలా పెద్దది. అందుకే ఫ్యాక్టరీలన్నీ దోపిడీ, మూసేయండి అనేవాళ్ళ మాట నేను ఒప్పుకోను, మూసేస్తే ముందు రోడ్డున పడేది మాలాంటివాళ్ళమే.

కానీ ఇంట్లో వద్దు అనగలిగిన నేను ఫ్యాక్టరీలో మెషిన్లు వరసగా ఉండే లైన్‌లో మాత్రం అనలేకపోయేదాన్ని. సరుకు పంపే రోజు దగ్గర పడితే ఓటీ (ఓవర్‌టైమ్) చేస్తావా అని ఎవరూ అడగరు, గేటుకి తాళం పడుతుంది అంతే. మెషిన్‌కి సూది ముందు చిన్న గార్డ్ ఉంటుంది, వేలు సూది కిందకి పోకుండా. అది ఉంటే గుడ్డ తిప్పడం కొంచెం లేటు, గంటకి పీసులు తగ్గుతాయి, అందుకని పైకి తిప్పేసి కుట్టమనేవాళ్ళు. బట్టలు కొనే విదేశీ కంపెనీ వాళ్ళు తనిఖీకి వచ్చే రోజు, అంటే బయ్యర్ ఆడిట్ రోజు మాత్రం గార్డులన్నీ కిందకి దిగేవి, ఎమర్జెన్సీ డోర్‌కి అడ్డంగా ఉన్న కార్టన్లు స్టోర్‌లోకి వెళ్ళేవి, సాయంత్రం వాళ్ళ కారు వెళ్ళగానే మళ్ళీ ఎప్పటిలాగే. ఒకరోజు నా పక్క మెషిన్ అక్కకి సూది గోరులోంచి దిగి విరిగింది, రక్తం కారుతుంటే సూపర్‌వైజర్ ముందు విరిగిన ముక్క కోసం వెతికాడు, అది బట్టలో ఉండిపోతే సరుకంతా వెనక్కొస్తుందని. ఆ అక్క వేలు పట్టుకుని నిలబడి చూస్తూనే ఉంది, అది నేను ఈరోజుకీ మర్చిపోలేదు.

బంగ్లాదేశ్‌లో ఢాకా పక్కన సావర్‌లో రాణా ప్లాజా కూలింది 2013 ఏప్రిల్ 24న. ముందురోజే బిల్డింగ్‌కి పగుళ్ళు వచ్చాయి, కింద ఉన్న బ్యాంక్ తన స్టాఫ్‌ని రావద్దంది, పైన ఐదు గార్మెంట్ ఫ్యాక్టరీల వాళ్ళని మాత్రం జీతం పోతుందని బెదిరించి లోపలికి పంపించారు. 1,100 మందికి పైగా చనిపోయారు. ఉన్నది ఒకే బిల్డింగ్, అందరికీ కనపడ్డవి అవే పగుళ్ళు. వాళ్ళకీ ఉద్యోగం ఉంది, జీతం ఉంది, ఈరోజు లోపలికి రాను అనే బలం ఒక్కటే లేదు. ఆ ఐదింట్లో ఒక్కదానిలో కూడా యూనియన్ లేదు.

అందుకే వాటంతటవే వస్తాయి అంటే నేను నమ్మను. మరుసటి నెలే అంతర్జాతీయ యూనియన్లు పట్టుబట్టి బట్టల బ్రాండ్లతో ఫ్యాక్టరీల భద్రత కోసం అకార్డ్ అనే ఒప్పందం చేయించాయి, మొత్తం 200కి పైగా కంపెనీలు సంతకం పెట్టాయి. మామూలు ఆడిట్‌కీ దీనికీ తేడా ఏంటంటే ఇది చట్టపరంగా కట్టుబడాల్సింది, ఇన్‌స్పెక్షన్ రిపోర్టులు అందరికీ కనపడేలా పెట్టాలి, ప్రమాదం అనిపిస్తే పనిలోకి వెళ్ళకుండా ఉండే హక్కు వర్కర్‌కి ఉందని అందులోనే రాశారు. దానికోసం బంగ్లాదేశ్ ధనిక దేశం అయ్యేదాకా ఎవరూ ఆగలేదు, ఆర్డర్లు పోతాయని కొందరు భయపెట్టినా ఆ తర్వాతి ఏళ్ళలో బట్టల ఎగుమతులు పెరుగుతూనే వచ్చాయి.

మా యూనిట్‌లో అంత పెద్దదేమీ జరగలేదు. ఆ అక్కకి దెబ్బ తగిలిన వారం మా లైన్‌లో పదకొండుమందిమి ఒకే కాగితం మీద సంతకాలు పెట్టి మేనేజర్‌కి ఇచ్చాం, ఒక్కరే వెళ్తే ఆ ఒక్కరినే తీసేస్తారని తెలుసు కాబట్టి కలిసే వెళ్ళాం. ఓటీ గురించి ఏమీ మారలేదు. గార్డులు మాత్రం కిందే ఉంచారు, గంట టార్గెట్ కూడా కొంచెం తగ్గించారు.