జార్జ్ చేసింది ద్రోహమా? క్యాండీ కుక్క సీన్ మళ్లీ చదవమనండి

నమస్తే అండీ. స్టెయిన్‌బెక్ నవల ‘ఆఫ్ మైస్ అండ్ మెన్’ (1937) మీద మీ అమ్మాయి వ్యాసం రాయాలి, కూలీ జార్జ్ తన నేస్తం లెన్నీని తుపాకీతో కాల్చేశాక దాన్ని స్నేహమని ఎలా రాయాలో తేలడం లేదన్నారు. టెన్షన్ పడకండి, జవాబు పుస్తకంలోనే ఉంది.

వాళ్లతో పనిచేసే ముసలాయన క్యాండీ. అతని ముసలి కుక్కను కాల్చేయడానికి తోటి కూలీ కార్ల్‌సన్ బయటికి తీసుకెళ్తాడు. కూలీలంతా ఆ చప్పుడు కోసం ఇబ్బందిగా కాచుకుని ఉంటారు. పైకప్పు కేసి చూస్తూ పడుకున్న క్యాండీ, తుపాకీ పేలగానే గోడవైపు తిరిగిపోతాడు. తర్వాత జార్జ్‌తో అంటాడు: నా కుక్కను నేనే కాల్చుకోవాల్సింది, పరాయివాడికి వదలకుండా ఉండాల్సింది అని. చివర్లో జార్జ్ చేతిలో ఉన్నది కూడా కార్ల్‌సన్ తుపాకీయే. యజమాని కొడుకు కర్లీ భార్య లెన్నీ చేతిలో అనుకోకుండా చనిపోయింది; కర్లీకి దొరికితే లెన్నీ గతేమవుతుందో జార్జ్‌కి తెలుసు. అందుకే తమ సొంత పొలంలో పెంచుకోబోయే కుందేళ్ల ముచ్చట చెబుతూ, భయం తెలియనివ్వకుండా పని ముగిస్తాడు. ఈ రెండు సీన్లూ పక్కపక్కన పెట్టి రాస్తే సగం వ్యాసం అయిపోయినట్టే.

లెన్నీ చావుతోనే ఆ సొంత పొలం కల పోయిందని రాసేస్తారు చాలామంది. నాకలా అనిపించదు. 600 డాలర్ల పొలానికి క్యాండీ 350 ఇస్తాననగానే అది చేతికందినట్టే ఉంటుంది. కర్లీ భార్య శవం దగ్గరే జార్జ్ ఒప్పేసుకుంటాడు: ఇది జరగదని మొదటినుంచీ తెలుసట, లెన్నీ అంత ఇష్టంగా వింటుంటే తనకూ నమ్మకం కలిగిందట. గుర్రాల శాలలో పనిచేసే నల్లజాతి కూలీ క్రూక్స్ ఒక్క రాత్రి ఆ పొలంపై ఆశపడి వెనక్కి తగ్గడం కూడా తప్పక రాయమనండి. కర్లీ భార్య సినిమా పిచ్చికి రెండు వాక్యాలు చాలు.