గ్యాలరీ తలుపు దగ్గరే ఆగిపోకండి

డాలస్ పక్కన ఇర్వింగ్‌కు వచ్చి నాలుగు నెలలైందనీ, భర్త ఉద్యోగానికి వెళ్ళాక సాయంత్రం దాకా పలకరించే మనిషి ఉండరనీ, దగ్గరలోని గ్యాలరీలో బొమ్మల వర్క్‌షాపులు జరుగుతాయని కరపత్రం చూశాననీ ఒక సోదరి రాశారు. ఉద్యోగ వీసా మీద వచ్చినవారి కుటుంబానికి ఇచ్చే హెచ్-4 వీసాతో ఉన్నవారు చేరవచ్చా, ఎంత ఖర్చవుతుంది, ఇంటి దగ్గర నేర్చుకున్న కలంకారీని అక్కడ ప్రదర్శనకు పెట్టనిస్తారా అన్నవి ఆమె ప్రశ్నలు.

నిరభ్యంతరంగా చేరవచ్చునమ్మా. నేర్చుకోవడానికీ, గోడకు బొమ్మ పెట్టడానికీ వీసా అడ్డు రాదు. బొమ్మ అమ్మి డబ్బు తీసుకోవడం, జీతం తీసుకుని నేర్పడం మాత్రం వేరే సంగతి. 2015 నుంచి హెచ్-4 వారిలో కొందరికి పని అనుమతి దొరుకుతోంది కాబట్టి మీరు ఆ కోవలోకి వస్తారో రారో మీ వారి కంపెనీ వకీలును ఒక్క మాట అడిగి తెలుసుకోండి. నిబంధనలన్నీ ప్రభుత్వం వారే రాసి పెట్టారు, చదువుకున్నవారు మీరు చూసుకోగలరు. నాకు దిగులు కలిగించింది మీ ఉత్తరంలో ప్రశ్నగా లేని మాట, ఆ పలకరించే మనిషి లేరన్న మాట. అందుకే నా కథ కొంత విస్తరించి చెబుతున్నాను, ఓపికగా చదవండి.

నేను 2008 ఆగస్టులో డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఒక చిన్న పట్టణానికి వచ్చాను. రెండో అంతస్తు అపార్ట్‌మెంటు, కారు నడపడం రాదు, ఎండ చూస్తే మన రెంటచింతల ఎండ. ఉత్తరాలు రోజుకు ఒక్కసారే వస్తాయని తెలిసినా, మెట్లు దిగి వెళ్ళి ఆ ఇనుప పెట్టెను రెండుసార్లు తెరిచి చూసేదాన్ని. దారిలో ఎవరైనా ఎదురుపడి "హలో" అంటారన్న ఆశే అందుకు కారణం. ఇక్కడ మధ్యాహ్నం ఒంటిగంటకు అమ్మకు ఫోను చేద్దామంటే అక్కడ రాత్రి పదకొండున్నర, ఆమె నిద్రలో ఉంటుంది. ఇప్పుడు వచ్చే పిల్లలకు వీడియో కాల్ ఉంది, వాట్సాప్ ఉంది, గడపకు కూరగాయలు తెచ్చి ఇచ్చేవారు ఉన్నారు. అన్నీ ఉండబట్టే ఇల్లు కదలకుండా ఏడాది గడిచిపోతుందని, మా కంటే మీ తరం గురించే నాకు ఎక్కువ భయం.

మా అపార్ట్‌మెంటుకు పది నిమిషాల నడకలో ఒక గ్యాలరీ ఉండేది. అద్దాల తలుపు, లోపల తెల్లని గోడలు, మధ్యలో ఒక బల్ల వెనుక కూర్చున్న పెద్దావిడ. మూడుసార్లు ఆ తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. లోపలికి వెళితే టికెట్ కొనమంటారేమో, ఆ బొమ్మల గురించి ఏదైనా అడిగితే ఏం చెప్పాలో అని బెదురు. అలా పద్నాలుగు నెలలు పోయాయి. ఊరి సంఘాలు నడిపే గ్యాలరీల్లో చాలా వాటికి ప్రవేశం ఉచితమనీ, లోపలికి వచ్చేవారి కోసమే ఆ పెద్దావిడ అక్కడ కూర్చుంటుందనీ అప్పట్లో నాకు చెప్పినవారు లేరు, మీకు నేను చెబుతున్నాను.

2009 చివరిలో లైబ్రరీ నోటీసు బోర్డు మీద నాలుగు శనివారాల నీటిరంగుల వర్క్‌షాపు ప్రకటన చూసి పేరు ఇచ్చాను. వారు ఈమెయిల్‌లో సామాగ్రి జాబితా పంపారు, నేను దాన్ని సరిగా చదవలేదు. కాగితం కాగితమే కదా అనుకుని డాలర్ దుకాణంలో కొన్న డ్రాయింగు పుస్తకం పట్టుకుని వెళ్ళాను. తడి కుంచె మొదటిసారి తగలగానే ఆ పల్చటి కాగితం అప్పడంలా ఉబ్బింది. రెండోసారి రాస్తే పైపొర లేచి, నలిగి, చిన్న చిన్న ఉండలై కుంచె వెంట్రుకలకు అంటుకుంది. జాబితాలో వారు అడిగింది చదరపు మీటరుకు 300 గ్రాముల కాగితం. పక్క కుర్చీలో కూర్చున్న ఒక రిటైర్డు టీచరు తన కాగితాన్ని గీత పెట్టి సగానికి చింపి, ఆ సగం నా ముందుకు జరిపారు. నేను "థాంక్యూ" అని తల వంచుకున్నాను. ఆ నామోషీ కొద్దీ తరువాతి మూడు శనివారాలూ వెళ్ళనే లేదు. ఐదు నెలల తరువాత కిరాణా కొట్టులో ఆమె ఎదురుపడి, "మీ కోసం ఒక కుంచె ఎక్కువ తెచ్చి పెట్టుకున్నాను, మీరు రాలేదు" అన్నారు. నా కోసం ఒక బల్ల మీద కుంచె ఎదురుచూస్తుండగా, నేను రెండు వీధుల అవతల ఉత్తరాల పెట్టె తెరిచి చూసుకుంటూ గడిపానన్న బాధ నాకు ఇప్పటికీ తగ్గలేదు.

కాబట్టి మొదటి క్లాసులో ఎలాంటి పొరపాటు జరిగినా సరే, రెండో వారం తప్పక వెళ్ళండి. మొదటి రోజు అందరూ కొత్తవారే, పేర్లు గుర్తుండవు. మూడో వారానికి మీ కుర్చీ మీదైపోతుంది, నాలుగో వారం మీరు రాకపోతే ఎవరో ఒకరు అడుగుతారు. అందుకే ఒక పూటతో ముగిసే వర్క్‌షాపు కంటే నాలుగు వారాలో ఆరు వారాలో సాగేది ఎంచుకోండి. చాలామంది కొత్తవారు ముందు ప్రదర్శన మీద కన్ను వేస్తారు, గోడ మీద తమ పేరు చూసుకోవాలని తొందరపడతారు. నా దృష్టిలో అది వెనుక ముందులు తెలియని పని.

నేనూ ఆ తొందర పడ్డాను. 2010 వసంతంలో ఆ గ్యాలరీ సభ్యుల ప్రదర్శనకు నేను వేసిన కలంకారీ పటం తీసుకువెళ్ళాను. బొమ్మలు అప్పగించే వేళ ఉదయం పది నుంచి మధ్యాహ్నం రెండు దాకా. నా ఫ్రేముకు వెనుక వైపు, కొన్నప్పుడే వచ్చిన రంపపు పళ్ళ లాంటి కొక్కెం ఉంది. వారికి కావలసింది రెండు వైపులా డి-రింగులు, అంటే D అక్షరం ఆకారపు ఇనుప కడియాలు బిగించి, వాటి మధ్య లాగి కట్టిన తీగ. హార్డ్‌వేరు కొట్టుకు పరుగెత్తి తిరిగి వచ్చేసరికి రెండూ ఇరవై, బల్ల ఎత్తేశారు. తీగ సంగతి ఫారంలో మొదటి పేజీలోనే ఉంది. మా వారు కారు నడుపుతుంటే పటం ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తిరిగి వచ్చాను.

ఆ శరదృతువులో తీగతో సహా వెళ్ళాను, తీసుకున్నారు. ఈసారి ఫారంలో "మాధ్యమం" అన్న గడి ఖాళీగా వదిలేశాను. ఎవరో తమకు తోచినట్లు నింపారు కాబోలు, నా కలంకారీ పక్కన "బాతిక్" అని, అంటే మైనం పూసి రంగు అద్దే వేరే పద్ధతి పేరుతో, లేబుల్ వెలిసింది. అడిగితే ఏమనుకుంటారోనని నోరు మెదపలేదు, ఆరు వారాల పాటు అది బాతిక్‌గానే వేలాడింది. మీరు ఆ తప్పు చేయకండి. "శ్రీకాళహస్తి కలంకారీ, నూలు గుడ్డ మీద వెదురు కలంతో చేత్తో గీసినది, సహజ రంగులు" అని పూర్తిగా రాయండి. ఎవరైనా అడిగితే, గుడ్డను కరక్కాయ కలిపిన గేదె పాలలో నానబెట్టి ఆరబెడతామనీ, పాలలోని కొవ్వు వల్ల గీత పాకకుండా నిలుస్తుందనీ, నలుపు రంగు కోసం తుప్పుపట్టిన ఇనుమును బెల్లం నీళ్ళలో పులియబెడతామనీ చెప్పండి. ఒకసారి ఇక్కడి ఆవు పాలతో చేసి చూపించబోతే అందరి ముందూ గీత చెదిరి పాకింది. అప్పటి నుంచి వెన్న ఎక్కువగా ఉన్న చిక్కటి పాలు వాడుతున్నాను. బెల్లం, ఇనుము అనగానే మనుషులు మీ బల్ల చుట్టూ చేరతారు.

ఆ ప్రదర్శన ప్రారంభోత్సవం నాడు నేను చేసిన పొరపాటు అన్నిటి కంటే పెద్దది. ధైర్యం కోసం మన తెలుగువారిని పదకొండు మందిని వెంటబెట్టుకుని వెళ్ళాను. అందరం పటం ముందు అర్ధచంద్రాకారంలో నిలబడి, ఫోటోలు తీసుకుంటూ, మన మాటలు మనం మాట్లాడుకున్నాం. బొమ్మ చూడటానికి వచ్చినవారు మా వీపులు చూసి పక్క గోడకు వెళ్ళిపోయారు. ఇంటికి వచ్చాక మా వారు "కొత్తగా ఎవరు పరిచయమయ్యారు?" అని అడిగితే చెప్పడానికి ఒక్క పేరూ లేదు. మనవాళ్ళు వద్దని నేను అనను, పండగలకూ పురుళ్ళకూ వారే దిక్కు. కానీ శనివారం విందులో పదకొండు మంది ఉన్నా, సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటకు ఇల్లు నిశ్శబ్దంగానే ఉంటుంది. ఆ గంటకు తోడు కావాలంటే ఆ గంటకు ఖాళీగా ఉండే మనుషులు కావాలి, పగటి వర్క్‌షాపులకు వచ్చే విశ్రాంత ఉద్యోగులూ చిన్నపిల్లల తల్లులూ వారే. కాబట్టి ప్రారంభోత్సవానికి ఒంటరిగా వెళ్ళండి, మీ పటానికి అడ్డు రాకుండా రెండడుగులు పక్కన నిలబడండి.

ఖర్చు సంగతి అడిగారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. నగర పాలక సంస్థలు నడిపే క్లాసులకు ఫీజు మామూలుగా తక్కువే ఉంటుంది. ప్రదర్శనకు ప్రవేశ రుసుము, అమ్మితే గ్యాలరీ పట్టుకునే వాటా ఫారంలో రాసి ఉంటాయి. మీరు "అమ్మకానికి కాదు" అని రాస్తే సరిపోతుంది. ప్రతి డాలరునూ రూపాయల్లోకి మార్చుకుంటూ కూర్చుంటే ఏ తలుపూ దాటలేరు. అది కూడా వద్దనిపిస్తే డాలస్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌లో 2013 నుంచి సాధారణ ప్రవేశం ఉచితం, అక్కడి సంగ్రహంలో మన చోళుల కాలపు కంచు నటరాజు ఉన్నాడు. ఆసియా కళకే ప్రత్యేకమైన క్రో మ్యూజియం కూడా ఉచితమే, 2024లో రిచర్డ్‌సన్‌లోని యూటీ డాలస్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో రెండో చోటు తెరిచారు. మీ ఊళ్ళోనే ఇర్వింగ్ ఆర్ట్స్ సెంటరు ఉంది, అక్కడి ప్రదర్శనశాలలకూ డబ్బు కట్టనక్కరలేదు. ముందు వీటిలో ఒకదానికి వెళ్ళి ఊరికే తిరిగి రండి, కాళ్ళకు అలవాటవుతుంది.

కొన్నేళ్ళకు మా గ్యాలరీవారే నన్ను పిలిచి సంక్రాంతికి ముగ్గుల వర్క్‌షాపు పెట్టమన్నారు. పురుగులు చేరి బొమ్మలకు హాని చేస్తాయని బియ్యప్పిండిని లోపలికి రానివ్వలేదు, నేను నొచ్చుకోకుండా సన్నటి రంగు ఇసుకతో చుక్కలు పెట్టించాను. పద్దెనిమిది మంది నేల మీద కూర్చుని పదిహేను చుక్కల ముగ్గు వేశారు. ఆనాడు నేను సగం కాగితం పుచ్చుకున్న ఆ టీచరు మోకాళ్ళు వంగక కుర్చీలో కూర్చునే చుక్కలు లెక్కపెట్టి చెప్పారు.

ఆమె ఇప్పుడు కారు నడపడం మానేశారు. గురువారం పదింటికి క్లాసు ఉంటే తొమ్మిదిన్నరకే రంగుల పెట్టె పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంటారు, దారిలోనే కాబట్టి నేను ఎక్కించుకుని వెళతాను. ఆ పెట్టెలో ఇప్పటికీ ఒక కుంచె ఎక్కువే ఉంటుంది.