1835 ఈస్ట్ ఇండియా కంపెనీ కాణీ, బాగా చిలుం పట్టింది, అమ్మితే ఎంత వస్తుంది?

మీరు రాసినదాన్ని బట్టి (అమ్మమ్మగారి ట్రంకు పెట్టెలో దొరికింది, ఒక పక్క రెండు సింహాలు, కింద 1835, వెనక ఆకుల దండ మధ్యలో వన్ క్వార్టర్ అణా, అంతా పచ్చగా చిలుం) అది పావు అణా రాగి బిళ్ళే, మన పెద్దవాళ్ళు కాణీ అనేవాళ్ళు. ఈ కండిషన్‌లో అయితే యాభయ్యో వందో వస్తే గొప్ప. యూట్యూబ్‌లో చెప్పే లక్షలు మాత్రం రావండీ, ఆ ఆశ దయచేసి పెట్టుకోకండి.

190 ఏళ్ళ నాణెం కదా అంటారు, అందరూ అడిగేది ఇదే. కానీ వయసుకి రేటు రాదు, ఎన్ని మిగిలాయి, ఎంత బాగా మిగిలాయి అన్నదానికే వస్తుంది. 1835లో కంపెనీ తన ఇలాకా అంతటికీ ఒకే రకం నాణేలు పెట్టింది, ఈ కాణీలు కలకత్తా, బొంబాయి, మద్రాసు టంకశాలల్లో విపరీతంగా కొట్టారు, పైగా తర్వాతి ఏళ్ళల్లో కొట్టినవాటి మీదా 1835 అనే ఉంచేశారు. అందుకే ఇప్పటికీ హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలో చూసినా గుట్టలో కలిసి కనిపిస్తాయి. ఇంకా పాతవి కూడా ఇంతే, మద్రాసుకి రావాల్సిన 1808 నాటి 10 కాసులు, 20 కాసుల రాగి నాణేల పీపాలతో అడ్మిరల్ గార్డనర్ అనే ఓడ 1809లో ఇంగ్లండ్ దగ్గరే మునిగిపోయింది, 1980ల్లో అవి లక్షల్లో పైకి తీశారు, అప్పట్నుంచి రెండొందల ఏళ్ళ నాణేలైనా చవగ్గానే దొరుకుతున్నాయి.

ఇక చిలుం సంగతి. కొనేవాడు డబ్బు పెట్టేది ఆ సింహాల జూలుకీ, ఆకుల ఈనెలకీ, అంచు పదునుకీ, చిలుం ముందు తినేసేది కూడా వాటినే. ఈ కాణీల్లో డైల (నాణెం మీద ముద్ర కొట్టే అచ్చుల) తేడాల్ని బట్టి రకాలు పోగేసేవాళ్ళు ఉన్నారు కానీ అవి కనపడాలంటే మొహం శుభ్రంగా ఉండాలి కదా. గ్రేడింగ్‌కి (నాణెం కండిషన్ చూసి నంబర్ వేసి ఇచ్చే కంపెనీలకి) పంపిద్దామా అని కూడా అడిగారు, వద్దు, ఇలాంటివాటికి నంబర్ గ్రేడ్ ఇవ్వరు, డీటెయిల్స్ అని, డ్యామేజ్ ఉందని రాసి పంపిస్తారు, ఫీజే నాణెం ధరకి ఎన్నో రెట్లు అవుతుంది.

మా పిన్ని వాళ్ళింట్లో ఇలాంటివే ఒక డబ్బాడు దొరికితే నేను చూడ్డానికి వెళ్ళేలోపే మా తమ్ముడు చింతపండు, ఉప్పు వేసి వాటిలో సగం తోమేశాడు, అవి కొత్త రాగి చెంబులా మెరిసిపోతున్నాయి, డీలర్ చేతిలోకి కూడా తీసుకోలేదు. తోమకుండా మిగిలినవాటిలో ఒకటి మాత్రం చాక్లెట్ రంగులో, అక్షరాలన్నీ నిండుగా ఉంది, ఆ ఒక్కదానికి మిగతా అన్నిటికీ కలిపి చెప్పినదానికన్నా ఎక్కువ చెప్పాడు. అందుకే ముట్టుకోకముందే చెప్తున్నా, తోమొద్దు, నిమ్మకాయ వద్దు, బ్రష్ అసలే వద్దు.

ముందు చిలుం ఏ రకమో చూడండి. ముదురు ఆకుపచ్చగా, గట్టిగా, నున్నగా ఉంటే అలాగే వదిలేయండి, అది రాగికి కాపుదలే. లేత ఆకుపచ్చ పొడిలా ఉండి గోటితో గీకితే రాలుతుంటే, గీకిన చోటే మళ్ళీ వస్తుంటే అది ఉప్పు (క్లోరైడ్) పట్టిన జబ్బు, గాలిలో తేమ తగిలినకొద్దీ లోపలికి తినుకుంటూ పోతుంది, సముద్రం దగ్గర ఊళ్ళల్లో ఇంకా ఎక్కువ. దాన్ని మిగతా నాణేల్నుంచి వేరు చేసి డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, నీళ్ళు మారుస్తూ కొన్ని వారాలు ఉంచండి, తర్వాత పూర్తిగా ఆరబెట్టి సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టండి. పీవీసీ ఆల్బమ్ కవర్లలో పెట్టకండి, వాటివల్ల కూడా పచ్చటి జిగురు పడుతుంది.

ఒకసారి బంగారం షాపులో తూకం వేయించండి, అసలు బరువు ఆరున్నర గ్రాములకి కాస్త తక్కువ, చిలుం తిన్నది కాబట్టి కొంచెం తగ్గొచ్చు, మరీ తేడా ఉంటే అనుమానించాలి. మీ ట్రంకు పెట్టెలోనే సీతారాముల బొమ్మతో, హనుమంతుడి బొమ్మతో, 1818 కంపెనీ నాణెం అని ఉంటే మాత్రం అది నాణెమే కాదు, కంపెనీ అలాంటివి ఎప్పుడూ వేయలేదు, ఈమధ్య తయారుచేసిన బిళ్ళలు.

ఇంకో ముఖ్యమైన మాట, ఫోటో పెట్టగానే ఎవరో ఫోన్ చేసి మీ నాణేనికి ఐదు లక్షలు, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి, తర్వాత జీఎస్టీ అంటారు. ఒక్క రూపాయి కూడా పంపొద్దు. రిజర్వ్ బ్యాంక్ పేరు, లోగో వాడుకుని మరీ చేస్తున్నారని 2021 ఆగస్టులో ఆ బ్యాంకే ప్రకటన ఇచ్చింది, పాత నాణేల అమ్మకాలతో మాకు సంబంధం లేదు, ఏ ఫీజూ అడగం అని. నిజంగా కొనేవాడు మీకు డబ్బిస్తాడు కానీ మిమ్మల్ని అడగడు.

రెండు పక్కలా పగటి వెలుతుర్లో, కాస్త ఏటవాలుగా పట్టుకుని ఫోటోలు తీసి, తూకం ఎంతొచ్చిందో కూడా కింద పెట్టండి, చూసి చెప్తాను.