పీరియడ్స్ ముందు వాచ్‌లో నంబర్ పడిపోతోంది, గుండెకేమైనా అయిందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 29 ఏళ్లు. పీరియడ్స్ ఇంకో వారం ఉందనగా స్మార్ట్ వాచ్‌లో హార్ట్ రేట్ వేరియబిలిటీ 52 నుంచి 40కి పడిపోతోంది. అవే రోజుల్లో మతిమరుపు, చేసిన లెక్కే మళ్లీ మళ్లీ చూసుకుంటున్నా. గుండె జబ్బా, లేక బుర్ర మొద్దుబారుతోందా?

జవాబు: ముందు ఆ భయం తీసెయ్యండమ్మా. గుండె నిమిషానికి 60 సార్లు కొట్టుకుంటోందంటే సరిగ్గా సెకనుకోసారి అని కాదు, ఒక బీట్‌కీ ఇంకో బీట్‌కీ మధ్య ఓసారి 0.95 సెకను, ఓసారి 1.04 అలా అటూఇటూ అవుతుంటుంది, ఆ తేడానే మీ వాచ్ మిల్లీసెకన్లలో చూపిస్తోంది. ఊపిరి పీలిస్తే కాస్త వేగం, వదిలితే నెమ్మది, ఇదంతా గుండెను నెమ్మదింపజేసే వేగస్ నరం చేసే పని. అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ పెరుగుతుంది, దాంతో ఒళ్లు 0.3 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుంది, పడుకున్నా సరే గుండె రెండు మూడు బీట్లు ఎక్కువే కొట్టుకుంటుంది, వేగస్ పట్టు కొంచెం సడలుతుంది, అందుకే ఆ నంబర్ దిగుతుంది. పీరియడ్స్ వచ్చాక మళ్లీ లేస్తుంది. కాబట్టి ఇవాళ్టి నంబర్‌ని నిన్నటిదాంతో కాదు, పోయిన నెల ఇవే రోజుల్లో ఉన్నదాంతో పోల్చుకోండి.

ఇక బుర్ర సంగతి. 2025లో వందకు పైగా స్టడీలు కలిపి చూస్తే జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, లెక్కలు వేసే తెలివి నెలసరి సైకిల్‌తో పాటు తగ్గుతాయనడానికి గట్టి ఆధారం దొరకలేదు. అలాగని మీది ఉత్త భ్రమ అని నేననను, ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు కూడా. రాత్రి మూడింటికి మెలకువొచ్చి, నడుం లాగుతూ, చిరాకుతో పొద్దున కూర్చుంటే అదే లెక్క రెట్టింపు కష్టంగా అనిపిస్తుంది, తెలివి ఎక్కడికీ పోలేదు, అలసట దాన్ని కప్పేసింది.

నాకు అసలు అనుమానం ఐరన్ మీద. బ్లీడింగ్ ఎక్కువై గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సొస్తోందా, ఏడెనిమిది రోజులు దాటుతోందా? అయితే హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే రక్త పరీక్ష) కూడా చేయించండి, హిమోగ్లోబిన్ బాగానే ఉండి ఫెరిటిన్ 30 లోపు ఉన్నవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లకీ ఇదే నీరసం, ఇదే మతిమరుపు, ఇదే గుండె దడ. పనిలో పనిగా థైరాయిడ్ టెస్ట్ కూడా.

ఊరికే కూర్చున్నా పల్స్ 100 దాటుతున్నా, కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా మాత్రం పీరియడ్స్ వల్లేలే అని సరిపెట్టుకోకుండా వెంటనే డాక్టర్ దగ్గరికెళ్లి ఈసీజీ తీయించుకోండి.