యోబు స్నేహితుల్లా రాయకు తమ్ముడూ

తమ్ముడూ, వందనాలు.

బాధల్లో ఉన్నవాళ్ల కోసం నువ్వు రాసి పంపిన వ్యాసం మొత్తం చదివాను. భాష బాగుంది, వాక్యం మీద నీకున్న ప్రేమ కూడా తెలుస్తోంది. కానీ ఒకటి సూటిగా చెప్పాలి. బిడ్డను పోగొట్టుకున్న తల్లితో మొదలుపెట్టి నాలుగో లైన్‌కే రోమా 8:28 పెట్టేశావు, దేవుణ్ణి ప్రేమించేవాళ్లకు అన్నీ కలిసి మేలుకే జరుగుతాయన్న వచనం. ఆ వచనం సత్యమే, నేనూ దాన్ని పట్టుకునే బతుకుతున్నాను, కానీ అదే అధ్యాయంలో కాస్త పైన సృష్టంతా మూలుగుతోందని, మనమూ లోలోపల మూలుగుతున్నామని, ఆత్మ కూడా మాటల్లో చెప్పలేని మూలుగులతో మన కోసం వేడుకుంటున్నాడని పౌలు రాశాడు కదా, ఆ మూలుగంతా దాటేసి నువ్వు డైరెక్ట్‌గా ఓదార్పుకి వెళ్లిపోతే ఆ తల్లి నీ వ్యాసం ఇంకో లైన్ కూడా చదవలేకపోతుంది.

యోబు ఏ తప్పూ చేయకుండానే పిల్లల్నీ, ఆస్తినీ, ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్నవాడు కదా, అతని గ్రంథం ఒకసారి మొదటినుంచి చివరిదాకా చదువు, మొదటి రెండు అధ్యాయాలు, చివరి అధ్యాయం మాత్రమే కాదు, మధ్యలోది కూడా. అతని స్నేహితులు ఎలీఫజు, బిల్దదు, జోఫరు వచ్చి ఏడు పగళ్లు ఏడు రాత్రులు నేలమీద కూర్చుని ఒక్క మాట కూడా మాట్లాడలేదు, వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాక అంతా కారణాలే, నువ్వు పాపం చేసుంటావు, అందుకే ఇదంతా అని. యోబేమో దేవుడితోనే వాదించాడు, పుట్టిన రోజును శపించాడు, అయినా 42వ అధ్యాయంలో దేవుడు కోప్పడింది ఆ స్నేహితుల మీద, నా సేవకుడు యోబు మాట్లాడినట్టు మీరు నా గురించి సరిగ్గా మాట్లాడలేదని. ఇంకో సంగతి గమనించావా, సుడిగాలిలోంచి అంతసేపు మాట్లాడిన దేవుడు ఈ కష్టాలన్నిటికీ మొదలైన, పరలోకంలో సాతానుతో జరిగిన సంభాషణ గురించి యోబుకి అసలు చెప్పనేలేదు. కారణం చదివే మనకు తెలుసు, అనుభవించినవాడికి తెలీదు. అతనికి దొరికింది దేవుడే.

యేసు ప్రభువు కూడా అంతే కదా. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే వాడూ కాదు, వాడి అమ్మానాన్నలూ కాదన్నాడు. సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది మిగతావాళ్లకంటే పాపులనుకుంటున్నారా అని అడిగాడు. చనిపోయిన తన స్నేహితుడు లాజరును కాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడు, నాకైతే సువార్తల్లో ఇంతకంటే ధైర్యం ఇచ్చే చోటు ఇంకోటి లేదు. సిలువ మీద ఆయన 22వ కీర్తన మొదటి మాటే కేకగా వేశాడు, నన్నెందుకు విడిచిపెట్టావని. దేవుడి కుమారుడే అడిగిన ప్రశ్నని మన పాఠకుడు అడగకూడదని మనం ఎలా అంటాం చెప్పు.

అందుకని నీ వ్యాసంలో ఆ ప్రశ్నకి చోటివ్వు. 88వ కీర్తన చూడు, చీకటి దగ్గరే ఆగిపోతుంది, చివర్లో స్తుతి లేదు, అయినా పరిశుద్ధ గ్రంథంలో ఉంది. నిరీక్షణ రాయొద్దని కాదు, పునరుత్థానం లేకపోతే మనకు చెప్పడానికేమీ లేదు, కానీ తిరిగి లేచిన ప్రభువు చేతుల్లో కూడా గాయాల గుర్తులు అలాగే ఉన్నాయి, తోమాకి చూపించింది అవే. నువ్వు నిరీక్షణ గురించి రాసేటప్పుడు ఆ గుర్తులు చెరిపేయకు.

చివరి పేరాలో పౌలు తన శరీరంలో ముల్లు అని చెప్పుకున్న బాధ గురించి రాశావు, బాగుంది, కానీ మూడుసార్లు వేడుకున్నా అది పోలేదన్న మాట వదిలేశావు, అది చేర్చు. ఇంకోటి, ఆ తల్లి నీకు నిజంగా తెలిసినావిడైతే ముందు ఆమెకు చదివి వినిపించు, వద్దంటే ఆ భాగం తీసెయ్యి, వ్యాసం సగానికి పడిపోయినా సరే.