ఆ లేబుల్ మీద ముసలమ్మ బొమ్మ తీసెయ్

గుంటూరు

అమ్మలూ,

నువ్వు పంపిన సీసా అందింది. ఆవకాయ బాగుంది, ఉప్పు ఒక పిసరు ఎక్కువ. నేను రాయడానికి కూర్చున్నది మాత్రం లేబుల్ గురించి. "మూడు తరాల అమ్మమ్మ చేతి రుచి" అని వేయించి, పక్కన ఎవరో ముక్కుపుడక ముసలమ్మ బొమ్మ పెట్టించావు. మీ అమ్మమ్మ నాకు అమ్మ కాబట్టి చెబుతున్నా, ఆవిడ పెట్టిన ఆవకాయ శ్రావణమాసం వచ్చేసరికి బూజు పట్టేది. మా నాన్న పక్కింటి జాడీ వైపు ఆశగా చూసేవాడు. ఆవిడ చేతిలో అమృతంలా ఉండేది పప్పుచారు, ఆవకాయ కాదు.

కొనేవాళ్లకి ఇదంతా ఎలా తెలుస్తుంది మావయ్యా అంటావు. తెలియదు. కానీ ఫోన్‌లో పచ్చళ్లు అని కొడితే అదే అమ్మమ్మ, అదే రోలు వరసగా కనిపిస్తున్నాయి. అందులో నిన్ను గుర్తుపట్టేదెలా?

నేనూ ఈ పని చేసినవాణ్ణే. కారం కొట్టు పెట్టిన కొత్తలో "రైతు పొలం నుంచి నేరుగా మీ ఇంటికి" అని బోర్డు రాయించాను. కాయ కొనేదేమో మిర్చి యార్డులో, కమీషన్ కొట్టు ద్వారా. ఒకరోజు పంచె కట్టుకున్న పెద్దాయన అరకిలో కారం తూయించుకుంటూ బోర్డు చదివి, "ఏ ఊరి పొలం బాబూ?" అన్నాడు. నోటికొచ్చిన ఊరు చెప్పేశాను. "మాదీ ఆ ఊరే. ఎవరి చేను?" అన్నాడు. నేను చిల్లర లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆయన కారం తీసుకునే వెళ్లాడు, మళ్లీ రాలేదు.

బోర్డు దించి, ఆ మేకుకే పిల్లల పలక ఒకటి తగిలించాను. "ఈరోజు కారం: తేజ రెండు పాళ్లు, బాడిగ ఒక పాలు. కాయ కోల్డ్ స్టోరేజీది, కొత్త కాయ కాదు." తేజ, బాడిగ మిరప రకాలే. అంతే, రోజూ ఉన్నదేదో అది. ఒక ఏడాది కల్లాల్లో కాయ వానకు తడిసి రంగు తగ్గింది. అదే రాశాను, "ఈసారి రంగు కాస్త తక్కువ, ఘాటు మామూలే" అని. ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగారు. మిగతావాళ్లు ఏ ఊళ్లో వాన, రైతుకు ఎంత పోయింది అని అడుగుతూ నిలబడిపోయారు.

ఆ పలక విలువ నాకు 2005లో బాగా తెలిసింది. ఇంగ్లండులో కారంపొడిలో సుడాన్-1 అనే రంగు బయటపడింది. బూటు పాలిషుల్లో వాడే రంగు అది. ఆ కారం కలిసిన సరుకులు నాలుగు వందలకు పైగా రకాలు అంగళ్ల నుంచి వెనక్కి తీశారు. కారం ఇండియాది అని పేపర్లో వచ్చేసరికి మన గుంటూరులోనూ కొనేవాళ్లు గరిటెడు కారం చేతిలోకి తీసుకుని అనుమానంగా చూడటం మొదలుపెట్టారు. నేను ఉపన్యాసం ఇవ్వలేదు. తేజ ఒక గంపలో, బాడిగ ఒక గంపలో పోసి మిల్లు ముందు పెట్టాను. ఘాటు దీనిది, రంగు దానిది, కావాలంటే మీరే పాళ్లు చెప్పండి, మీ ముందే పట్టిస్తాను అన్నాను.

ఇప్పుడు నీ సంగతి. నీ దగ్గర అసలు కథ ఉండగా అరువు కథ ఎందుకు? పోయినేడు మొదటి 30 కిలోలు పెట్టి, వారానికే రాత్రి పదకొండింటికి ఫోన్ చేశావు. "మూత తీస్తే పుల్లటి వాసన మావయ్యా, ముక్కలు సరిగా తుడవలేదు" అన్నావు. కొన్నవాళ్లందరికీ డబ్బు తిరిగి పంపావు. అది వీడియో తీసి చెప్పు. మూత తీసిన ఆ నిమిషం నుంచి మొదలుపెట్టు, నీ చదువూ ఉద్యోగం మానేయడం ఇవన్నీ ముందు వద్దు. ఏడ్చానని కూడా చెప్పకు, ఇప్పుడేం చేస్తున్నావో చూపించు. జీడి తీసి, పొర గీకి, ఒక్కో ముక్కా పొడిగుడ్డతో తుడవడం, మూడోనాడు తిరగకలిపి ఉప్పు చూడటం. ఫోన్ కాస్త కదిలినా పరవాలేదు. వెనక పాట మాత్రం పెట్టకు, ముక్కలు కొట్టే కత్తి చప్పుడు చాలు.

నీ దగ్గర పనిచేసే ఆడవాళ్లను వీడియో తీసేముందు అడుగు. వద్దంటే వదిలెయ్. వాళ్ల లేమిని చూపించి సీసాలు అమ్మడం నాకు నచ్చదు, అది వ్యాపారం కాదు, యాచన.

ఇంకో పని. కొన్నవాళ్లు వాట్సాప్‌లో రాసేవి ఒక నోటుబుక్కులో ఎక్కించు. హాస్టల్ కుర్రాడు పెరుగన్నంలోకి దాచుకున్నాడనీ, ఎవరో ఆవిడ పురిటికెళ్లిన కూతురికి పట్టుకెళ్లిందనీ. వాళ్లను అడిగి, వాళ్ల మాటల్లోనే పెట్టు. నువ్వు మెరుగులు దిద్దితే చెడుతుంది. రోజూ కథ వద్దు, హరికథ అయిపోతుంది. మిగతా రోజుల్లో ధర, బరువు, పార్శిల్ ఎప్పుడు కదులుతుందో చెప్పు చాలు.

లేబుల్ మీద పప్పునూనె అని రాసి వేరుశనగ నూనె పోయకు. "గుంటూరు సన్నం" అని కూడా రాయకు. అది వేరే మిరప రకం, దానికి జీఐ గుర్తింపు ఉంది, అంటే ఫలానా ప్రాంతపు సరుకుకే ఆ పేరు చెల్లుతుందనే ముద్ర. ఊరు గుంటూరు కదా అని ప్రతి కాయకూ ఆ పేరు తగిలించకూడదు. నేను పంపేది తేజ, బాడిగ.

యార్డుకు వేసవి సెలవులు ఇచ్చేలోపు కాయ తీసుకుని, తొడిమలు తీయించి 20 కిలోలు పట్టించాను. ఆదివారం బస్సులో విజయవాడ వేయిస్తా, బస్టాండులో పార్శిల్ కౌంటరు దగ్గర తీసుకో. సంచి మీద పాళ్లు రాసిపెట్టాను. ఆ లేబుళ్లు ఎన్ని అచ్చయ్యాయో ప్రెస్సువాణ్ణి కనుక్కో, మిగతావి ఆపించు. మీ అత్తయ్య ఖాళీ సీసా కడిగి ఉంచింది, ఈసారి ఉప్పు తగ్గించి నింపమంటోంది.

మీ మావయ్య